గాలిగొట్టం పక్కన బిళ్ళలు: టీబీ మందులు మొదలెట్టేయాలా, సూది పరీక్షకి వెళ్లాలా?

గుణుపూర్ గోపి
మా తమ్ముడి సంగతి. 31 ఏళ్లు. పొద్దుగూకేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది, పొడి దగ్గు, తిండి సహించడం లేదు, ప్యాంటు నడుముకి వదులైపోయింది. కళ్లె పడదు, అందుకని కళ్లె పరీక్ష కుదరలేదు. మొదట ఊళ్లోనే యాంటీబయాటిక్ వాడాం, తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. రాయగడ తీసుకెళ్లి ఎక్స్‌రే, దాని మీద సీటీ తీయించాం. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: రైట్ లోయర్ పారాట్రాకియల్ 4ఆర్ నోడ్ 19 మిల్లీమీటర్లు, సబ్‌కెరైనల్ నోడ్ 15 మిల్లీమీటర్లు, మధ్యలో నెక్రోసిస్, ఊపిరితిత్తులు క్లియర్. అంటే గాలిగొట్టం కుడి పక్కనా, అది చీలే చోట కిందా బిళ్ళలు పెరిగాయి, వాటి నడిమి భాగం చచ్చిపోయింది అని అర్థమట.

గొడవ ఇక్కడే. మొదటి డాక్టరు "మన వైపు ఇలాంటివి టీబీయే, మందులు మొదలెట్టేయండి" అన్నారు. విశాఖలో చూపిస్తే "బిళ్ళలోంచి సూదితో ముక్క తీసి పరీక్షించకుండా ఒక్క మాత్ర కూడా వేయొద్దు" అన్నారు. తెలిసిన కాంపౌండరేమో "పెట్ స్కాన్ తీయించెయ్, అంతా తేలిపోతుంది" అంటున్నాడు. గాలిగొట్టం పక్కన సూది అనగానే మా అమ్మ మంచం పట్టింది. ఎవరి మాట వినాలి? అసలు ఆ బిళ్ళలు అక్కడెందుకుంటాయి?

రాయగడ రాజు
మా చిన్నాన్నకీ ఇలాగే దగ్గు, జ్వరం. ఆరు నెలలు టీబీ మందులు వాడాడు, ఇప్పుడు దుక్కలా ఉన్నాడు. పరీక్షలని విశాఖ చుట్టూ తిరిగితే జేబుకి రోగం పట్టుకుంటుంది. మొదలెట్టేయ్ గోపీ.

పర్లాకిమిడి పద్మ
రాజు గారూ, మీ చిన్నాన్నకి టీబీ అని తేలాక ఇచ్చారా, తేలకుండానా?

రాయగడ రాజు
కళ్లెలో వచ్చింది అక్కా.

పర్లాకిమిడి పద్మ
అదీ సంగతి. గోపి తమ్ముడికి ఎందులోనూ రాలేదుగా.

ఎక్స్‌రే మామ
సర్వీసంతా ఛాతీ ఫిల్ములు తీసి రిటైరైనవాణ్ణి, డాక్టర్ని కాను. అది గుర్తుపెట్టుకుని చదవండి.

అక్కడ బిళ్ళలెందుకు అంటే, అవి అందరికీ పుట్టుకతో ఉంటాయి గోపీ. నీకూ ఉన్నాయి, నాకూ ఉన్నాయి. గాలిగొట్టం గొంతు కింద మొదలై 10, 12 సెంటీమీటర్లు దిగాక రెండుగా చీలి చెరో ఊపిరితిత్తికీ వెళుతుంది. దాని రెండు పక్కలా, చీలిన చోట కిందా లింఫ్ గ్రంథులు చిన్న చిన్నవి వరసగా ఉంటాయి. ఊపిరితిత్తుల్లోంచి కారే నీరులాంటి ద్రవం రక్తంలో కలిసే ముందు వీటి గుండా పోవాలి. మన పాతపట్నం చెక్‌పోస్టు అనుకో. లారీలో ఏం వచ్చినా అక్కడ ఆగుతుంది. క్రిమి వచ్చినా, రాతి దుమ్ము వచ్చినా, క్యాన్సర్ కణం వచ్చినా ముందు వాచేది అవే. అందుకే ఊపిరితిత్తి శుభ్రంగా కనిపిస్తూ బిళ్ళలు మాత్రం పెరిగి ఉండే కేసులుంటాయి.

ఎక్స్‌రేలో గాలిగొట్టం కుడి అంచున సన్నటి తెల్లని గీత కనిపిస్తుంది. మామూలుగా అది 4 మిల్లీమీటర్లు దాటదు. దాటితే రేడియాలజిస్టు ఆగి చూస్తాడు. అయితే మనిషి కాస్త పక్కకి తిరిగి నిలబడినా, పడుకోబెట్టి తీసినా అక్కడ వెడల్పుగా కనిపించే వీలుంది. మా రోజుల్లో అలాంటి ఫిల్ము వస్తే ముందు నిటారుగా నిలబెట్టి మళ్లీ తీసేవాళ్లం. ఇప్పుడు నేరుగా సీటీకి పంపేస్తున్నారు. తప్పేం లేదు, సీటీ చెప్పినంత ఎక్స్‌రే చెప్పదు.

బరంపురం బుజ్జి
చెక్‌పోస్టు అంటే మామా, లారీ ఆపి ఎంతో కొంత తీసుకుని వదిలేస్తారు కదా. బిళ్ళలు కూడా అంతేనా?

ఎక్స్‌రే మామ
నవ్వకురా. క్యాన్సర్ విషయంలో ఒక్కోసారి సరిగ్గా అంతే.

ఊపిరి డాక్టర్
ఛాతీ వైద్యంలో పీజీ చేస్తున్నాను. ఇక్కడ ఎవరికీ మందు చెప్పను, సీటీ ఫోటోలు ఇన్‌బాక్స్‌లో పంపొద్దు. విషయం వరకు రాస్తాను.

సీటీలో గ్రంథి పొట్టి వైపు కొలత 10 మిల్లీమీటర్లు దాటితే పెరిగింది అంటాం. గాలిగొట్టం చీలిన చోట, అంటే సబ్‌కెరైనల్ దగ్గర, 12 వరకు కొందరు ఊరుకుంటారు. కాబట్టి 19, 15 రెండూ పెరిగినవే. కానీ కొలత ఎందుకు పెరిగిందో చెప్పదు. మామూలు న్యుమోనియాకీ పెరుగుతాయి, గుండె సరిగా పనిచేయక నీరు పట్టినవాళ్లకీ కొంచెం పెరుగుతాయి. అటు 8 మిల్లీమీటర్ల బిళ్ళలో క్యాన్సర్ కణాలు దొరికిన సందర్భాలూ ఉన్నాయి. పెద్దదైతే చెడ్డది, చిన్నదైతే మంచిది అని లెక్క లేదు.

మన దేశంలో ఈ వయసు మనిషికి, జ్వరం, బరువు తగ్గడం, కుడి పారాట్రాకియల్ బిళ్ళ, మధ్యలో నెక్రోసిస్ అంటే మొదటి అనుమానం టీబీయే. మొదటి డాక్టరు గారు ఊహించినది గాలిలోంచి తీసింది కాదు. ఆయన్ని తిట్టక్కర్లేదు. కానీ అదే చోట లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, రావచ్చు, అందులోనూ మధ్యలో నెక్రోసిస్ ఉండొచ్చు. సార్కాయిడోసిస్ అని ఇంకో జబ్బుంది, అందులో రెండు హైలమ్‌ల (ఊపిరితిత్తిలోకి గొట్టాలు దూరే చోట్ల) దగ్గరా, కుడి పారాట్రాకియల్ దగ్గరా కలిపి మూడు చోట్ల సమానంగా పెరుగుతాయి. వయసు మళ్లిన పొగతాగేవాళ్లలో ఊపిరితిత్తి క్యాన్సర్ ముందు గుర్తుకొస్తుంది. ఈ నాలుగింటికీ నాలుగు మందులు, ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. కొన్నిసార్లు హాని కూడా. లింఫోమా ఉన్న మనిషికి ముందే స్టెరాయిడ్ ఇస్తే బిళ్ళలు కరిగిపోయి, తర్వాత ముక్క తీసినా ఏమీ తేలదు. కొన్నాళ్లకి జబ్బు తిరగబెడుతుంది.

అందుకని ముక్క అడుగుతారు.

రాయగడ రాజు
డాక్టర్ గారూ, అన్నీ బాగానే ఉన్నాయి. మొదటి అనుమానం టీబీయే అని మీరే అన్నారు. ఇరవై మైళ్లకో ఊరున్న ఈ కొండల్లో ప్రతివాడూ విశాఖ వెళ్లి ముక్క తీయించుకోవాలంటే ఎలా? అందుకే మా దగ్గర డాక్టర్లు మందు పెట్టి చూస్తారు. తగ్గితే టీబీ.

ఊపిరి డాక్టర్
ఏ విధంగానూ ముక్క దొరకని చోట అలా చేయాల్సి వస్తుంది, నేను కాదనను. ఈ కేసులో దొరికే దారి ఉంది. పైగా "తగ్గితే టీబీ" అన్నదానిలో ఒక చిక్కు. టీబీ బిళ్ళలు సరైన మందు వాడుతున్నా మధ్యలో కొన్నాళ్లు పెరగవచ్చు. అప్పుడు మీరేమంటారు? మందు పనిచేయలేదంటారా, టీబీ కాదంటారా, మందుకి లొంగని టీబీ అంటారా? ముందు రుజువుంటే ఆ ప్రశ్నే రాదు.

పర్లాకిమిడి పద్మ
మా ఆడపడుచు కథ చెబితే రాజు గారి నోరు మూతపడుతుంది. ఆవిడకీ గాలిగొట్టం పక్కన బిళ్ళలు. ఊరూ ఆసుపత్రీ పేర్లెందుకులెండి. ముక్క లేదు, ఏమీ లేదు, టీబీ మందులు మొదలెట్టారు. ఆకలి చచ్చిపోయింది, కళ్లు పచ్చబడ్డాయి, లివర్ పరీక్షలు తలకిందులు. మందులాపారు, మళ్లీ ఒక్కొక్కటీ మొదలెట్టారు. బిళ్ళలు మాత్రం అంగుళం కదల్లేదు. చివరికి విశాఖలో సూదితో తీసి చూస్తే సార్కాయిడోసిస్. టీబీ మందు దానికేం చేస్తుంది? స్టెరాయిడ్ కొద్ది డోసులో పెట్టారు, దగ్గు పోయింది. ఆ మధ్యలో ఆవిడ పడ్డ అవస్థకి ఎవరు జవాబు చెబుతారు? పైగా టీబీ అన్న మాట ఊళ్లో పడేసరికి ఆవిడ గ్లాసు వేరు, కంచం వేరు. ఇంటి పిల్లల్ని పక్కింటివాళ్లు రానివ్వలేదు.

రాయగడ రాజు
నోరు మూతపడలేదు గానీ, సరే, కేసు గట్టిదే.

స్లైడ్ శీను
పద్మక్క చివర్న అన్నదానికి ఒక మాట. బిళ్ళల్లో మాత్రమే ఉన్న టీబీ పక్కవాళ్లకి అంటదు. ఊపిరితిత్తుల్లో ఉండి, దగ్గుతో బయటికొస్తేనే అంటేది. గ్లాసులు వేరు చేయడం ఎటు చూసినా దండగ, గ్లాసుతో టీబీ రాదు.

ఆకుపసరు అప్పన్న
గొంతు దగ్గర బిళ్ళ కడితే మా కొండ మీద ఒక వేరు ఉంది, అరగదీసి పట్టు వేస్తే

స్లైడ్ శీను
అప్పన్న మావా, అది రొమ్ము ఎముక వెనకాల ఉంది. పట్టు ఎక్కడ వేస్తావు?

ఆకుపసరు అప్పన్న
లోపలికి కూడా ఇస్తాం.

బరంపురం బుజ్జి
మావా నువ్వు నెమలీక పట్టుకుని వచ్చేలోపు నేను గోపన్నకి ఒక విషయం చెప్పేయాలి. కాంపౌండర్ చెప్పిన పెట్ స్కాన్ మా నాన్నకి తీయించాం, ఆయనది పేగు క్యాన్సర్. ఛాతీలో బిళ్ళలు బల్బుల్లా వెలిగాయి. క్యాన్సర్ అక్కడిదాకా పాకిందని ఇల్లంతా ఏడ్చాం. సూది పెట్టి చూస్తే టీబీ. పెట్ స్కాన్‌కి టీబీ, క్యాన్సర్ రెండూ ఒకేలా వెలుగుతాయట. అంత డబ్బు పోసి తీయించుకున్నాక కూడా సూదికే వెళ్లాం.

ఊపిరి డాక్టర్
బుజ్జి గారు చెప్పింది నిజం. చురుగ్గా ఉన్న కణాలు చక్కెరని ఎక్కువగా తాగుతాయి, పెట్ పట్టుకునేది దాన్నే. టీబీ బిళ్ళలోనూ అంతే చురుకు ఉంటుంది. క్యాన్సర్ రుజువైనవాళ్లకి ఎంతవరకు పాకిందో చూడటానికి పెట్ చాలా ఉపయోగం. ఏ జబ్బో తెలియని మనిషికి ముందే తీస్తే, ఏ బిళ్ళలో సూది పెట్టాలో చెబుతుంది తప్ప జబ్బు పేరు చెప్పదు.

బల్లార్షా బాబాయ్
నేను మహారాష్ట్ర వైపు మనిషిని, చంద్రపూర్ జిల్లా. మా దగ్గర తెలుగువాళ్లు బొగ్గు గనుల్లో, పేపరు మిల్లులో తాతల కాలం నుంచి ఉన్నారు. గోపీ, తమ్ముడు ఏం పని చేస్తాడు? ఎవరూ అడగలేదు.

గుణుపూర్ గోపి
ఇప్పుడు ట్రాక్టర్. అంతకుముందు కొన్నేళ్లు రాళ్ల క్రషర్లో చేశాడు బాబాయ్. ఎందుకు?

బల్లార్షా బాబాయ్
అందుకే అడిగాను. రాతి దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తిలోకి పోయి అక్కణ్ణుంచి ఈ బిళ్ళల్లో చేరుతుంది. ఏళ్లు గడిచాక బిళ్ళ అంచు చుట్టూ సున్నం పేరుకుని ఎక్స్‌రేలో గుడ్డు పెంకులా కనిపిస్తుంది. మా అన్నయ్య ఫిల్ములో అది చూశాక డాక్టరు మొదట అడిగింది "ఏం పని చేశావు" అనే. సిలికా పట్టినవాళ్లకి టీబీ వచ్చే ప్రమాదం మామూలు వాళ్లకంటే ఎక్కువ. రెండూ కలిసి ఉండొచ్చు. ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. మనవాళ్లు పాత పని సంగతి చెప్పరు, "ఇప్పుడు చేయట్లేదుగా" అంటారు.

ఎక్స్‌రే మామ
గుడ్డు పెంకు బిళ్ళలు నేనూ చూశాను. ఆ ఫిల్ము ఒకసారి చూస్తే మరచిపోలేరు. గోపీ రిపోర్టులో సున్నం అని రాయలేదు కాబట్టి ఇది ఆ పాతదిలా లేదు. అయినా బాబాయ్ చెప్పినట్టు చెప్పి తీరాలి.

కోరాపుట్ కాఫీ
మా బాబుకి మూడేళ్లప్పుడు పిల్లికూతలు. ఉబ్బసం అని పంపు, నెబ్యులైజర్, నానా తంటాలు. ఒక పక్క ఊపిరితిత్తే ఎప్పుడూ కూస్తోందని పిల్లల డాక్టరమ్మ పట్టుకుంది. సీటీలో చూస్తే బిళ్ళ పెరిగి పక్కనున్న గొట్టాన్ని నొక్కుతోంది. టీబీ. ఇంట్లో ఎవరికైనా ఉందా అని వెతికితే మా మామగారికి బయటపడింది. పిల్లలకి గొట్టాలు సన్నం, మెత్తన, కాస్త పెరిగినా నొక్కేస్తాయట. చిన్నపిల్లలకి "ఒక్క వైపే" కూత అంటే అడగండి, అదే చెప్పాలని రాశాను.

జయపురం జ్యోతి
నా కథ వేరు, టీబీ కాదు. నాకు థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయింది. గాలిగొట్టం ముందూ పక్కనా ఉన్న గ్రంథులు కూడా తీసేశారు. దాన్ని సెంట్రల్ కంపార్ట్‌మెంట్ అంటారు, లెవెల్ 6. థైరాయిడ్ క్యాన్సర్ ముందుగా పాకే చోట్లలో అది ఒకటని సర్జన్ చెప్పారు. అవి తీసేటప్పుడు జాగ్రత్త ఎందుకంటే, మాట పలికించే నరం ఆ గ్రంథుల మధ్యలోంచే పోతుంది. కాల్షియం చూసుకునే పారాథైరాయిడ్ గింజలు కూడా ఆ పక్కనే. ఆపరేషన్ మరునాడు నా మూతి చుట్టూ, వేళ్ల కొనలు చీమలు పాకినట్టు అనిపించాయి. కాల్షియం పడిపోయిందన్నమాట, ఇంజెక్షన్ పెట్టి సర్దారు. గొంతు కొన్నాళ్లు బొంగురు. ఇప్పుడు నా కేకలు మా ఆయనకి బాగానే వినిపిస్తున్నాయి.

బరంపురం బుజ్జి
ఆయన్ని కూడా ఈ త్రెడ్‌కి పిలవండి, రెండో పక్షం వినాలి.

పర్లాకిమిడి పద్మ
బొంగురు అంటే గుర్తొచ్చింది. మా ఊళ్లో ఒకాయనకి ఊరికే గొంతు బొంగురుపోయి ఎన్నాళ్లకీ తగ్గలేదు. ఛాతీలో బిళ్ళే కారణమట. గొంతుకీ ఛాతీకీ ఏం సంబంధం డాక్టర్ గారూ?

ఊపిరి డాక్టర్
ఎడమవైపు స్వరపేటిక నరం నేరుగా గొంతుకి పోదు. ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం కింద నుంచి చుట్టి, గాలిగొట్టం పక్కగా మళ్లీ పైకెక్కుతుంది. ఆ దారిలో బిళ్ళ పెరిగి నొక్కితే గొంతు పోతుంది. పొగతాగేవాళ్లలో మూడు వారాలు దాటిన బొంగురుకి గొంతు డాక్టరు దగ్గరికెళ్లి ఊరుకోకుండా ఛాతీ కూడా చూపించాలి. అలాగే కుడి పక్క బిళ్ళలు బాగా పెరిగి పెద్ద సిరని నొక్కితే ముఖం, మెడ ఉబ్బుతాయి, పొద్దున్నే లేచేసరికి ఎక్కువగా. అది ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సిన విషయం.

గుణుపూర్ గోపి
తమ్ముడికి అవేం లేవు. రిపోర్టులో 4ఆర్ అని ఉంది, ఆ అంకెలేంటి? ఇంటి నంబర్లా?

ఊపిరి డాక్టర్
దాదాపు అంతే. ఛాతీలో గ్రంథులకి స్టేషన్ల వారీగా నంబర్లు. ఇప్పుడు అందరం వాడే పటం 2009లో ప్రపంచస్థాయి ఊపిరితిత్తి క్యాన్సర్ సంఘం పెట్టింది. పై పారాట్రాకియల్ 2, కింది పారాట్రాకియల్ 4, చీలిక కింద 7. ఆర్ అంటే కుడి, ఎల్ అంటే ఎడమ. ఇందులో ఒక విచిత్రం, కుడి ఎడమల గీత గాలిగొట్టం నట్టనడుమ గీయలేదు, ఎడమ అంచున గీశారు. కాబట్టి గొట్టం ముందు నిలబడ్డ బిళ్ళ కూడా కుడి లెక్కలోకే వస్తుంది.

టీబీలో ఈ నంబరుకి అంత విలువ లేదు. క్యాన్సర్‌లో ప్రాణం దాని మీదే ఉంటుంది. కుడి ఊపిరితిత్తిలో గడ్డ ఉండి 4ఆర్‌లో కణాలు దొరికితే ఎన్2. ఎన్ అంటే క్యాన్సర్ గ్రంథుల్లోకి ఎంత పాకిందో చెప్పే మెట్టు. అదే 4ఎల్‌లో దొరికితే అవతలి పక్కకి దాటినట్టు, ఎన్3. ఎన్2 ఉన్న కొందరికి మందులిచ్చి ఆపరేషన్ ఆలోచిస్తారు. ఎన్3 అయితే మామూలుగా కత్తి పట్టరు, కీమో, రేడియేషన్ దారి. 2025 నుంచి వచ్చిన కొత్త వర్గీకరణలో ఎన్2ని కూడా రెండు చేశారు, ఒక్క స్టేషన్లో ఉంటే ఒకటి, ఎక్కువ స్టేషన్లలో ఉంటే ఇంకొకటి. ఒక చిన్న బిళ్ళ ఏ వైపుదో తేలడం మీద ఆపరేషన్ ఉంటుందో లేదో ఆధారపడుతుంది.

రాయగడ రాజు
రైల్వే స్టేషన్లకంటే ఇవే నయం, నంబరు ఒకే వరసలో ఉన్నాయి.

ఎక్స్‌రే మామ
లేవు. 1 మెడ దగ్గర, 5, 6 గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం పక్కన, 8, 9 ఎక్కడో కింద. రాజు బండి ఎక్కితే తప్పిపోతాడు.

గుణుపూర్ గోపి
సరే, ఇంట్లో మాట్లాడాను. తమ్ముడు సూదికి ఒప్పుకున్నాడు, అమ్మ ఒప్పుకోలేదు. ఆ పరీక్ష ఎలా చేస్తారో చేయించుకున్నవాళ్లు చెబితే అమ్మకి చదివి వినిపిస్తాను. మెడ కోస్తారా?

పర్లాకిమిడి పద్మ
మెడ కోయరు. మా ఆడపడుచుకి చేసింది ఈబస్. పొద్దున్న ఏమీ తినకుండా, తాగకుండా రమ్మన్నారు. గొంతులో మొద్దుబారే స్ప్రే కొట్టారు, మత్తు ఇచ్చారు, నోట్లోంచి సన్నటి గొట్టం గాలిగొట్టంలోకి దింపారు. గొట్టం కొనకి అల్ట్రాసౌండ్ ఉంటుంది. గోడ అవతలున్న బిళ్ళ తెర మీద కనిపిస్తూ ఉండగా, రక్తనాళాన్ని తప్పించి సూది గుచ్చి లాగుతారు. ఆవిడకి ఏమీ గుర్తులేదు. లేచాక గొంతు మొద్దు పోయేదాకా మంచినీళ్లు ఇవ్వలేదు, దానికే గొడవ పెట్టుకుంది. దగ్గితే కాస్త ఎర్రటి చార పడింది, మరునాటికి పోయింది. సాయంత్రం ఇంటికి పంపేశారు.

ఎక్స్‌రే మామ
పాత రోజుల్లో మెడ కింద, రొమ్ము ఎముక పైన కోసి గొట్టం దింపేవాళ్లు. మీడియాస్టినోస్కోపీ అంటారు, 1959లో స్వీడన్ సర్జన్ కార్లెన్స్ చెప్పిన పద్ధతి. దానికి పూర్తి మత్తు, కోత, కుట్లు. అమ్మకి ఎవరైనా ఆ కథే చెప్పి ఉంటారు. ఇప్పుడు కూడా చేస్తారు, సూదితో తేలనప్పుడు. లింఫోమా అనుమానం గట్టిగా ఉంటే సూదిలో వచ్చే కణాలు చాలవు, పెద్ద ముక్కే కావాలి.

ఊపిరి డాక్టర్
మామ చెప్పింది కరెక్టు. ఒకటి కలుపుతాను. రక్తం పలచబడే మందులు ఏమైనా వాడుతుంటే ముందే చెప్పాలి, వాటిని ఎప్పుడు ఆపాలో డాక్టరే చెబుతారు. గోపి తమ్ముడి బిళ్ళలు రెండూ, 4ఆర్, 7, ఈబస్ సూదికి చక్కగా అందే చోట్లే. 5, 6 అయితే అందవు, అప్పుడు వేరే దారి. రక్తస్రావం, ఊపిరితిత్తికి చిల్లు పడటం లాంటివి జరగవని కాదు, కానీ అరుదు.

స్లైడ్ శీను
నేను రాయాలనుకున్నది ఇదీ, దయచేసి ఎవరూ మరచిపోకండి. తీసిన ముక్క అంతా ఫార్మలిన్ (ముక్క పాడవకుండా నిలవుంచే ద్రవం) సీసాలో పడేస్తే కల్చర్‌కి, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకి, పనికిరాదు. ఫార్మలిన్ క్రిమిని చంపేస్తుంది. కొంత ఫార్మలిన్‌లో బయాప్సీకి, కొంత సెలైన్‌లో సీబీనాట్ అనే టీబీ పరీక్షకీ కల్చర్‌కీ పంపమని ముందే అడగాలి. మా ల్యాబ్‌కి దూరాల నుంచి బస్సులో సీసాలొస్తాయి, విప్పితే అన్నీ ఫార్మలిన్ వాసనే. పేషెంటు మళ్లీ సూది పొడిపించుకోవాలి. డాక్టర్లు తెలిసే చేస్తారు, హడావిడిలో థియేటర్ సిస్టర్‌కి చెప్పడం మరచిపోతారు. మనం ఒక మాట గుర్తు చేస్తే ఎవరూ కోప్పడరు.

సీబీనాట్ రెండు గంటల పని. టీబీ క్రిమి ఉందా, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి లొంగుతుందా, రెండూ చెబుతుంది. బిళ్ళల్లో క్రిములు తక్కువ, అందుకని సీబీనాట్‌లో రాకపోయినా టీబీ లేదని కొట్టేయకూడదు. కల్చర్ ఆరు వారాల దాకా పట్టొచ్చు. ఇంకొకటి, దగ్గుకి మందుల షాపులో లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కొనుక్కుని వేసుకున్నారా? అది టీబీ క్రిమిని సగం చంపి సగం వదిలేస్తుంది, పరీక్షల్లో దొరక్కుండా చేస్తుంది.

గుణుపూర్ గోపి
ఊళ్లో వాడింది అదేనేమో, స్ట్రిప్ చూస్తాను.

గుణుపూర్ గోపి
అదే.

స్లైడ్ శీను
అయితే డాక్టరుకి స్ట్రిప్ చూపించు. దాచకు.

బరంపురం బుజ్జి
డబ్బు సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. గోపన్నా, మీది ఒడిశా రేషన్ కార్డు కదా, ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) మనకి వర్తించదు. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి ఒకే కార్డు. రాష్ట్రం బయట ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో చెల్లుతుంది. కానీ ఓపీలో చేసే పరీక్షకి ఇస్తారా లేదా అన్నది ఆసుపత్రి ఆయుష్మాన్ కౌంటర్లో ముందే అడగాలి. అడక్కుండా అడ్మిట్ అయి తర్వాత కొట్లాడినవాళ్లని చాలామందిని చూశాను. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల ఛాతీ విభాగంలో కూడా కనుక్కోండి, చాలా తక్కువలో అవుతుంది. విశాఖలో కేజీహెచ్ ఉంది, పెదవాల్తేరులో ఛాతీ ఆసుపత్రి ఉంది. ఇటు మా బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి. ఈబస్ మిషను ఏ రోజు నడుస్తుందో ఫోన్లో కనుక్కుని బయల్దేరండి.

రాయగడ రాజు
గుణుపూర్ నుంచి బరంపురం కంటే విశాఖే నయం. భాష కూడా కలిసొస్తుంది.

బరంపురం బుజ్జి
మా బరంపురంలో తెలుగు రాని డాక్టరుని చూపించు, నీకు పఖాళ (ఒడియావాళ్ల చద్దన్నం) పెట్టిస్తా.

కోరాపుట్ కాఫీ
మేం కిరండూల్ బండిలో విశాఖకే వెళ్లాం. ఆ బండిలో సగం మంది చేతిలో సీటీ కవర్లే. ఒకరి రిపోర్టు ఒకరు చదివి భయపెట్టుకుంటూ అరకు దాకా వెళతారు.

ఊపిరి డాక్టర్
కవర్లు తీసుకెళ్లేవాళ్లకి, రిపోర్టు కాగితం ఒక్కటీ చాలదు. సీటీ సీడీ కానీ, ఫిల్ములు కానీ తీసుకెళ్లండి. సూది పెట్టే డాక్టరు కాగితం చూసి పెట్టరు, బొమ్మ చూసి పెడతారు.

గుణుపూర్ గోపి
చాలాకాలం తర్వాత రాస్తున్నాను, క్షమించాలి. విశాఖలో ఈబస్ అయింది. పద్మక్క చెప్పినట్టే, తమ్ముడు లేచి "అయిపోయిందా" అన్నాడు. శీను చెప్పినట్టు సెలైన్ సంగతి అడిగాను, సిస్టర్ నవ్వి "ఎవరు చెప్పారు బాబూ" అంది. బయాప్సీలో నెక్రోసిస్‌తో గ్రాన్యులోమా, అంటే వాపు కణాల ముద్దలు, కనిపించాయి. సీబీనాట్‌లో టీబీ వచ్చింది, రిఫాంపిసిన్‌కి లొంగేదే. క్యాన్సర్ కణాలు లేవు. క్రషర్ సంగతి చెబితే డాక్టరు రాసుకున్నారు, ఊపిరితిత్తి పనితీరు పరీక్ష కూడా చేయించారు. మందులు మొదలయ్యాయి.

రాయగడ రాజు
నేను మొదటి రోజే చెప్పాను టీబీ అని.

పర్లాకిమిడి పద్మ
రాజు గారూ, లాటరీ కూడా ఎవరికో ఒకరికి తగులుతుంది.

రాయగడ రాజు
తగిలిందిగా.

స్లైడ్ శీను
రాజన్నా, నీ ఊహలో రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో ఉందా?

ఊపిరి డాక్టర్
ఈ గొడవ పక్కన పెట్టి గోపి గారికి అవసరమైనవి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు, బరువుని బట్టి రోజూ. మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది రిఫాంపిసిన్ రంగు, కంగారు వద్దు. వాంతులు, కళ్లు పచ్చబడటం, చూపు మసకబారడం, రంగులు తేడాగా కనిపించడం వస్తే ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. మధ్యలో బిళ్ళ పెరిగినట్టు స్కాన్‌లో కనిపిస్తే మీ అంతట మీరు మందు మార్చొద్దు, ఆపొద్దు. ఆరు నెలలయ్యాక కూడా చిన్న బిళ్ళ మిగిలి ఉండొచ్చు, మిగిలినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు.

గుణుపూర్ గోపి
పేరు విశాఖలో నిక్షయ్‌లో, అంటే ప్రభుత్వ టీబీ రోగుల ఆన్‌లైన్ నమోదులో, ఎక్కించారు. ప్రతినెలా మందులకి అక్కడికే వెళ్లాలా?

స్లైడ్ శీను
అక్కర్లేదు. నిక్షయ్ ఐడీ దేశమంతా ఒకటే. విశాఖవాళ్లని గుణుపూర్‌కి ట్రాన్స్‌ఫర్ చేయమని అడుగు, అవతల మన దగ్గర టీబీ యూనిట్‌లో తీసుకుంటారు. మందులు ఉచితం. బ్యాంకు పాస్‌బుక్, ఆధార్ కూడా ఇవ్వండి, పోషణ డబ్బులు నెలకి 1000 ఖాతాలో పడతాయి. ఇంతకుముందు 500 ఉండేది, 2024 నవంబరు నుంచి పెంచారు. తమ్ముడి ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లనీ ఒకసారి చూపించండి.

బల్లార్షా బాబాయ్
తమ్ముణ్ణి మళ్లీ క్రషర్ పనికి పంపకండి. ఎవరైనా ఎక్కువ కూలి ఇస్తామన్నా సరే.

గుణుపూర్ గోపి
పంపను బాబాయ్. పాస్‌బుక్‌లో అమ్మ పేరు కూడా ఉంది, జాయింట్ ఖాతా. అది చెల్లుతుందా, వేరే తెరవాలా?

స్లైడ్ శీను
తమ్ముడి పేరు మీద ఉన్న ఖాతా ఒకటి ఇస్తే గొడవుండదు. రేపు టీబీ యూనిట్‌లో అడిగి ఇక్కడే రాస్తాను.